యాభై వేలు ఎక్కడ ఖర్చు పెట్టాలి?

ప్రధానోపాధ్యాయులకూ, స్టేషన్ అధికారులకూ నమస్కారం.

బడిపిల్లలకు పోలీసులూ ఉపాధ్యాయులూ కలిసి క్లాసులు చెప్పే స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ కార్యక్రమం కేరళలో 2010లో మొదలైంది. దాన్ని కేంద్ర హోంశాఖ 2018 జూలైలో దేశమంతటా ప్రారంభించింది. అప్పట్లో 67 కోట్ల రూపాయల కేటాయింపు. ఒక్కో ప్రభుత్వ బడికి బోధన సామగ్రి, శిక్షణ, చిల్లర ఖర్చులు కలిపి 50,000 రూపాయలు. 8, 9 తరగతులకు నెలకో క్లాసు. పాఠ్యపుస్తకం, పరీక్ష లేవు.

ఈ డబ్బు బ్యానర్లకూ, ప్రారంభోత్సవ భోజనాలకూ ఇట్టే కరిగిపోతుంది. క్లాసు చెప్పే ఉపాధ్యాయుడి, ఎస్ఐ శిక్షణకు ముందు తీసిపెట్టండి. పోలీసు వచ్చి మత్తు వద్దని చెప్పి వెళ్తే చాలదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్‌లో 1983లో మొదలైన ‘డేర్’ (పోలీసులే బడికి వచ్చి మత్తు వద్దని చెప్పే కార్యక్రమం) పాత పాఠాలు మత్తు వాడకాన్ని పెద్దగా తగ్గించలేదని అక్కడి అధ్యయనాలే తేల్చాయి. పిల్లలతో మాట్లాడించాలి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 199ఏ కింద తండ్రికి (సంరక్షకుడికి) లేదా బండి యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు, ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు లేదు. ఈ నాలుగూ బోర్డు మీద రాసి, ఇంట్లో తాళాలు ఎవరి దగ్గరుంటాయో అడగండి. పిల్లలే మాట్లాడటం మొదలుపెడతారు.

పరీక్షలు, సెలవులు పోగా ఏడాదికి ఎనిమిదో తొమ్మిదో క్లాసులు మిగులుతాయి. వినాయక చవితి బందోబస్తు, బదిలీ, ఏదో ఒకటి వచ్చి ఒక నెల జారుతుంది. రెండు నెలలు జారితే పిల్లలు మనల్ని నమ్మరు. అందుకే జూన్‌లోనే తేదీలు రాసుకోండి, ప్రతి తేదీకీ ఇద్దరి పేర్లు వేయండి. ఒకరు స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారి అయితే మేలు.

క్యాడెట్లుగా ఫస్టు ర్యాంకు పిల్లల్నే తీసుకోవద్దు. వారానికి రెండు రోజులు బడి ఎగ్గొట్టేవాడికే ఇది ఎక్కువ అవసరం.

లెక్కల్లో ఒక్కటే జాగ్రత్త: విడి రిజిస్టరు, ప్రతి బిల్లు మీద క్లాసు తేదీ. డబ్బు దేనికి ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఆగితే తర్వాతి విడత ఆగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, గంజాయి ఎవరు అమ్ముతున్నారని క్యాడెట్లను అడగొద్దు. అడిగిన రోజే వాళ్లు తోటివాళ్ల దృష్టిలో ఇన్‌ఫార్మర్లు అయిపోతారు, దెబ్బలూ తింటారు. కానీ తన మీద లైంగిక వేధింపు జరుగుతోందని ఏ బిడ్డయినా చెబితే, అది మన దగ్గర దాచుకునే మాట కాదు. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. తెలిసీ చెప్పకపోతే నేరం. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.