అలియాస్ ఎవరికి చెప్పారో, వాళ్లకే తెలుసు

"అన్నా, పొద్దున పెట్టిన అలియాస్ సాయంత్రానికి లేదు. లైనక్స్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?"

అమీర్‌పేటలో కోచింగ్‌కి వచ్చే పిల్లలు నన్ను ఇదే అడుగుతుంటారు. వద్దు, దయచేసి వద్దు! ఏమీ పాడవలేదు. అలియాస్ అంటే పొడుగు కమాండ్‌కి మనం పెట్టుకునే పొట్టి పేరు, అంతే.

ఇరానీ హోటల్లో వెయిటర్ అన్నకు చెప్పారనుకోండి: "నేను 'ఎప్పటిదే' అంటే రెండు చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు." ఆ మాట ఆయనకే తెలుసు, గల్లా దగ్గరి మేనేజర్‌కి తెలియదు. షిఫ్ట్ మారి ఇంకో అన్న వస్తే, "ఎప్పటిదే ఏంటి?" అంటాడు. ఆ వెయిటరే మీ షెల్, అంటే టెర్మినల్లో మీరు కొట్టే కమాండ్లు విని పని చేయించే ప్రోగ్రామ్. టెర్మినల్ మూస్తే ఆయన ఇంటికెళ్లినట్టే. రెండో టెర్మినల్ తెరిస్తే వేరే మనిషి.

[స్క్రీన్ మీద బ్యాష్ అనే షెల్]

అలియాస్, స్పేస్, జీఎస్‌టీ, ఈక్వల్ టు, సింగిల్ కోట్స్‌లో గిట్ స్టేటస్. ఇక్కడ జీఎస్‌టీ మన పొట్టి పేరు, గిట్ స్టేటస్ అసలు కమాండ్. ఈక్వల్ టుకి అటూ ఇటూ స్పేస్ వద్దు. జీఎస్ అని రెండక్షరాలే పెట్టొచ్చుగా అంటారేమో, ఆ పేరు ఇప్పటికే గోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్‌ది. ఏ పేరైనా పెట్టే ముందు టైప్ అనే కమాండ్‌తో చూసుకోండి.

ఇప్పుడు నాకు బాగా నచ్చే భాగం: కోట్స్. అలియాస్‌లో ఎకో డాలర్ పీడబ్ల్యూడీ అనే కమాండ్‌ని సింగిల్ కోట్స్‌లో పెడితే, వాడినప్పుడు మీరున్న ఫోల్డర్ చూపిస్తుంది. డబుల్ కోట్స్‌లో పెడితే, అలియాస్ రాసినప్పటి ఫోల్డరే ఎప్పటికీ. అంటే "నేనెక్కడ కూర్చుంటే అక్కడికి తే" అనడానికీ, "ఈ టేబుల్‌కే తే" అనడానికీ ఉన్న తేడా. రెండోది చెప్పి మీరు కిటికీ పక్కకి మారినా, చాయ్ పాత టేబుల్‌కే పోతుంది. ఇది తెలియక నేను ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాను.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. తీసేయాలంటే అన్‌అలియాస్. ఒక్కసారికి అసలు కమాండే కావాలంటే ముందు బ్యాక్‌స్లాష్. కమాండ్ మధ్యలో ఫైల్ పేరు ఇరికించాలంటే అలియాస్ పనికిరాదు, ఫంక్షన్ రాయండి. బ్యాష్ స్క్రిప్టుల్లో మామూలుగా అలియాస్ పనిచేయదు, అక్కడ కూడా ఫంక్షనే.

రోజూ కావాలంటే అదే లైన్ డాట్ బ్యాష్‌ఆర్‌సీ అనే ఫైల్‌లో రాయండి. 2019 నుంచి మ్యాక్‌లో డీఫాల్ట్ జెడ్‌షెల్ అనే ఇంకో షెల్ కాబట్టి అక్కడ డాట్ జెడ్‌ఎస్‌హెచ్‌ఆర్‌సీ. డ్యూటీ ఎక్కే ప్రతి అన్నా చీటీలాంటి ఆ ఫైల్ చదివాకే టేబుల్ దగ్గరికొస్తాడు. ఇప్పటికే డ్యూటీలో ఉన్న అన్న చేత మాత్రం మీరే చదివించాలి: సోర్స్ అని కొట్టి, పక్కన ఆ ఫైల్ పేరు.