హవాయిలో మన పత్తికి చుట్టం

మిద్దెతోటల మిత్రులందరికీ నమస్కారం.

హవాయి అనగానే చెవి పక్కన ఎర్ర మందారం పెట్టుకున్న అమ్మాయి బొమ్మ గుర్తొస్తుంది కదా. అక్కడి తోటల్లో కనిపించే మందారాల్లో చాలావరకు మన పెరటి మందారాన్ని స్థానిక మొక్కలతో సంకరం చేసి పుట్టించినవే. 1988లో రాష్ట్ర పుష్పంగా చట్టం చేసింది మాత్రం ఆ గడ్డ మీదే పుట్టిన పసుపు మందారాన్ని. పేరు మావో హౌ హెలె. అదీ ఇప్పుడు అడవిలో దొరకడం కష్టమే. కానీ నేను ఇవాళ దాని గురించి మాట్లాడను, దాని ఫొటోలు ఫోన్లో బోలెడు దొరుకుతాయి. అంతగా ఎవరూ పట్టించుకోని కోకియో గురించి చెబుతాను.

ఇది మందారం కుటుంబంలోదే, అయితే ఇంకా దగ్గరి చుట్టం పత్తి. హవాయి దీవుల్లో తప్ప ఎక్కడా సహజంగా పెరగదు. నాలుగు రకాలుండేవి, ఒకటి ఇప్పటికే అంతరించిపోయింది. పువ్వు ఇటుక ఎరుపులో, రేకులు మెలితిరిగి ఉంటాయి. పత్తి గూడ (మొగ్గ) చూసినవాళ్లు వెంటనే పోల్చుకుంటారు: పువ్వు కింద అలాగే ఆకుల్లాంటి మూడు రేకులు. కాయ పగిలితే దూది మాత్రం రాదు, గింజకు ఎర్రటి పొట్టి నూగు అంటుకుని ఉంటుంది.

అక్కడివాళ్లకు దీని బెరడుతో పని. దాని రసంతో ఎరుపు రంగు తీసి చేపల వలలకు పట్టించేవారు. ఆ వలలు ఒలొనా అనే మొక్క నారతో అల్లినవి. ఇంత అందమైన పువ్వు పూసే చెట్టు దగ్గరికి బెరడు కోసం వెళ్లడం నాకు భలే నచ్చింది. అక్కడి మందారాల్లో మందులూ ఉన్నాయి. తెల్లగా పూసి, వాసన కూడా వేసే వేరే స్థానిక మందారం మొగ్గలను తల్లి నమిలి, విరేచనం సాఫీగా అవడానికి పసిబిడ్డకు పెట్టేది.

బెరడు ఒలిస్తే చెట్టుకు దెబ్బే, అది మీకు నేను చెప్పక్కర్లేదు. అయితే దీన్ని ఎక్కువగా దెబ్బతీసింది బయటి నుంచి వచ్చినవే: మొక్కలు మేసే మేకలు, పశువులు, గింజలు కొరికే ఎలుకలు, ఫౌంటెన్ గడ్డి. ఆ గడ్డి ఎండితే అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. హవాయి పెద్ద దీవిలోని కోనా ప్రాంతపు కోకియోను 1984లో అమెరికా ప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో చేర్చింది.

మొలొకై దీవి రకం కథ ఇంకా టెన్షన్ పెడుతుంది. అంతరించిందనుకున్నాక 1970లో ఒకే ఒక్క చెట్టు కనిపించింది. 1978లో మంటలు దాన్నీ మింగేశాయి. అంతకుముందే తీసిన కొమ్మను అంటు కట్టి ఉండబట్టి బతికింది. పిండినల్లి పట్టిన మందారాన్ని పీకేద్దామా అని ఆలోచించే మనకు, ఒక్క కొమ్మ మీద అంత ఆశ పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఊహించడం కష్టం. ఈ రోజు ఉన్న మొలొకై కోకియోలన్నీ ఆ చెట్టు అంట్లే. పైన పూసే కొమ్మ మొలొకైది, కింద నీళ్లు పీల్చే వేరు మాత్రం వేరే దీవి కవాయి కోకియోది.