తిరిగొచ్చే గంటకి గాలి ఎంత?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ఈ సభ ఏర్పాటు చేసినవాళ్లకి ప్రత్యేకంగా నమస్కారాలు. నాకిచ్చిన సమయం తక్కువ కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

చిన్న పడవ మీద చేపల వేటకి వెళ్లే ముందు గాలీ వాతావరణం ఎలా చూసుకోవాలన్నది అంశం. ముందు ఒక ప్రశ్న. మీలో ఫోన్‌లో వాతావరణం చూసి బయల్దేరేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు, మంచిది. ఇప్పుడు వాన బొమ్మ ఒక్కటే కాకుండా గాలి అంకె కూడా చూసేవాళ్లు మాత్రమే చేతులు ఉంచండి. చూశారా, ఎన్ని దిగిపోయాయో! నా బాధంతా ఇదే.

వాన పడితే తడుస్తాం. పడవని బోల్తా కొట్టించేది గాలీ, ఆ గాలి లేపే అలలూ. ఎండ బొమ్మ ఉన్నంత మాత్రాన నీళ్లు నెమ్మదిగా ఉంటాయని కాదు. గాలి వేగం 10 నాట్ల నుంచి 20 నాట్లకి (నాట్ అంటే గంటకి దాదాపు 1.85 కిలోమీటర్ల వేగం) పెరిగితే అది తోసే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. పైగా మనకి కనిపించే అంకె సగటు. మధ్యమధ్య వచ్చే విసురు దానికంటే 40 శాతం ఎక్కువ కూడా ఉండొచ్చు. అందుకే విసురు అంకె పక్కన వేరేగా ఇస్తారు. 15 నాట్లు అని ఉన్నచోట 21 నాట్ల విసురు వస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. అల ఎత్తూ అంతే. 1 మీటర్ అని రాశారంటే అది మొత్తం అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని కట్టిన సగటు. అప్పుడప్పుడూ దానికి రెండింతల అల వస్తుంది, అది మీ పడవ పక్కకి తిరిగి ఉన్నప్పుడే రావచ్చు.

నేను మూడు విషయాలు చెబుదామని రాసుకొచ్చాను. కానీ ముందు ఒక రోజు గురించి చెప్పాలి.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్లు. అన్నయ్యా నేనూ పద్నాలుగు అడుగుల పడవలో తెల్లారకముందే బయల్దేరాం. అన్నయ్య ఫోన్ చూశాడు. వాన లేదు, గాలి 6 నాట్లు. ఒడ్డున నీళ్లు అద్దంలా ఉన్నాయి. గాలి వెనకనుంచి, నేల మీదనుంచి వీస్తోంది. ఇరవై నిమిషాల్లో మేం అనుకున్న చోటికి చేరాం. చేపలు బాగా పడుతున్నాయి. పదకొండు దాటేసరికి గాలి పెరిగింది. అప్పటికీ ఒడ్డు వైపు చూస్తే నీళ్లు ప్రశాంతంగానే కనిపిస్తున్నాయి.

ఇక్కడే చాలామంది మోసపోతారు, దయచేసి వినండి. నేలనుంచి నీటి మీదికి వీచే గాలికి ఒడ్డు దగ్గర చెట్లూ గట్లూ అడ్డు. అక్కడ అల లేవదు. లోపలికి పోయేకొద్దీ గాలికి నీటి మీద పరుగు దొరుకుతుంది, అల పెరుగుతుంది. ఒడ్డున నిలబడ్డవాడికి ఆ అల వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆ రోజు పోటు నీరు లోపలికి వస్తోంది, గాలి దానికి ఎదురుగా బయటికి తోస్తోంది. అలాంటప్పుడు అల పొట్టిగా, నిటారుగా లేస్తుంది, ఒకదాని వెనక ఒకటి ఊపిరి తీసుకోనివ్వదు. పోయేటప్పుడు ఇరవై నిమిషాలు పట్టిన దారి వచ్చేటప్పుడు రెండు గంటలు పట్టింది. అన్నయ్య ఇంజిన్ పట్టుకున్నాడు. నేను ఒక ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు తోడుతూనే ఉన్నాను. ఒడ్డు ఇంకా కొంచెం దూరం ఉందనగా పెట్రోలు అయిపోయింది. మిగతాది తెడ్లే.

ఒడ్డున వదిన నిలబడి ఉంది. మేం వెళ్లాక ఆవిడ తన ఫోన్‌లో ఆ రోజు మొత్తం గాలి ఎలా ఉంటుందో చూసిందట. మాకు ఎన్నోసార్లు ఫోన్ చేసిందట. అన్నయ్య ఫోన్ కవర్లో చుట్టి సంచి అడుగున ఉంది. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "పదకొండు గంటలకి 18 నాట్లని రాసే ఉంది కదండీ" అంది.

రాసే ఉంది! మేం బయల్దేరే గంట చూశాం, తిరిగొచ్చే గంట చూడలేదు. ఇప్పటికీ ఎక్కడ ప్రమాదం జరిగినా "సముద్రాన్ని ఎవరు నమ్మగలరు" అనేస్తారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. తెల్లవారుజామున జేబులో ఉన్న అంకె చదవకుండా తప్పు సముద్రం మీద వేస్తామా?

అసలు ఈ హెచ్చరికలు పుట్టిందే పడవలవాళ్ల కోసం. 1859లో రాయల్ చార్టర్ అనే ఓడ బ్రిటన్ తీరంలో తుపానుకి మునిగి వందలమంది పోయారు. అప్పుడు రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ అనే నౌకాధికారి, డార్విన్ ప్రయాణించిన బీగిల్ ఓడకి కెప్టెన్‌గా పనిచేసినాయనే, టెలిగ్రాఫ్ ద్వారా రేవులకి గాలి కబురు పంపే ఏర్పాటు చేశాడు. 1861 నుంచి ప్రమాదం ఉందంటే రేవుల్లో గుర్తులు ఎగరేసేవాళ్లు. వాటి కోసం పడవలవాళ్లు మెడ ఎత్తి చూసేవాళ్లు. మనకి మెడ ఎత్తే పని కూడా లేదు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. సరే, గాలి ఒత్తిడి కొలిచే బరోమీటర్ సంగతి వదిలేస్తాను. దిక్కు గురించి ఒక్క మాట. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేది. కానీ మ్యాప్ మీద బాణం చాలాచోట్ల గాలి పోయే వైపు చూపిస్తుంది. ఆ రెండూ కలిపేసుకుంటే నేలగాలిని సముద్రపు గాలి అనుకుంటారు. ఇంకొకటి, కొన్ని చోట్ల గంటలు మన గడియారం ప్రకారం కాకుండా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే సమయంలో ఉంటాయి, అది చూసుకోండి. ఉరుముల సూచన ఉంటే ఇక ఏ అంకెనీ నమ్మొద్దు. మేఘం కింద నుంచి దూసుకొచ్చే ఈదురుగాలి నిమిషాల్లో ఎంతకైనా పోతుంది. రెండు చోట్ల చూసి, రెండూ వేరుగా ఉంటే ఎక్కువ చెప్పినదాన్నే లెక్కలోకి తీసుకోండి.

ఇప్పుడు అందరూ ఫోన్లు బయటికి తీయండి. నిజంగానే చెబుతున్నాను, తీయండి. రేపు మీరు తిరిగొచ్చే గంట దగ్గర వేలు పెట్టండి. గాలి ఎంత, విసురు ఎంత, ఎటునుంచి? ముందు వరుసలో చివర కూర్చున్న తమ్ముడూ, నువ్వు మొదలుపెట్టు, గట్టిగా చదువు.