జనన రికార్డు పోయిందా? కొత్తగా రాయించే ముందు పాతది వెతకండి

నమస్కారం. జనన ధ్రువపత్రం పోయింది, ఇప్పుడు ఏం చేయాలి అని అడుగుతున్నవారి కోసం ఈ వీడియో. పెళ్లి, మరణ నమోదుల సంగతి చివర్లో చెబుతాను, అవి చిన్నవే.

ముందు స్క్రీన్ చూడండి. రెండు కాగితాలు పెట్టాను. ఎడమ పక్కది మన చేతికిచ్చే ధ్రువపత్రం. కుడి పక్కది రిజిస్టరులో పేజీ, నమూనా కోసం నేనే గీశాను, నవ్వకండి. మన బీరువాలోంచి పోయింది ఎడమ పక్కది. కుడి పక్కది ఉందా లేదా, అదీ మనం తేల్చుకోవలసింది. అది ఉంటే పని తేలిక. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలో 17వ సెక్షను ఉంది. రుసుము కట్టి ఎవరైనా రిజిస్టరు వెతికించుకోవచ్చు, అందులో ఉన్నదానికి నకలు తీసుకోవచ్చు. మీ సేవలో దరఖాస్తు, పేరు, తేదీ, ఊరు, తల్లిదండ్రుల పేర్లు, రుసుము, రసీదు. ఇదిగో ఇలా, ఆ తర్వాత ఇలా. అంతే. దీని మీద ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

ఇక్కడ మాత్రం ఆగుదాం. వెతికారు, మీ పేరు లేదన్నారు. అప్పుడు?

నాకూ లేదన్నారు. నేను నమ్మేశాను. సరే, కొత్తగా నమోదు చేయించుకుందాం అని కాగితాలు కూడబెట్టడం మొదలుపెట్టాను. మూడు నెలలు తిరిగాను. ఒకరోజు మా పెద్దమ్మ వచ్చి, ఏమిటిరా ఈ తిరుగుడు అని అడిగి, అంతా విని, "నువ్వు పుట్టింది ఈ ఊళ్లో కాదు కదరా" అంది. తొలి కాన్పు కదా, మా అమ్మ పుట్టింటికి వెళ్లింది. నేను పుట్టింది అమ్మమ్మ గారి ఊళ్లో. నమోదు ఎప్పుడూ పుట్టిన చోటే జరుగుతుంది, ఇల్లు ఉన్న చోట కాదు. నేను మూడు నెలలు మా నాన్న ఊళ్లో వెతికించాను!

అందుకే మళ్లీ చెబుతున్నాను. ఎక్కడ పుట్టారో ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆధార్‌లో ఉన్న ఊరు కాదు, బడి రికార్డులో ఉన్న ఊరు కాదు. పుట్టిన ఊరు. ఆసుపత్రిలో పుడితే ఆ ఆసుపత్రి ఉన్న ఊరు.

ఊరు దొరికింది, అయినా పేరు కనబడలేదు. సరే, ఈ గడి చూడండి, పసుపు రంగు వేశాను. బిడ్డ పేరు. ఖాళీ. నాదీ ఇలాగే ఉంది. పుట్టినప్పుడు పేరు పెట్టరు కదా, నమోదు ముందు జరిగిపోతుంది, బారసాల తర్వాత వస్తుంది. పేరు ఆ పైన చేర్పించుకోవాలి, చాలా ఇళ్లలో అది మరిచిపోతారు. కాబట్టి మీ పేరుతో వెతికితే ఎలా దొరుకుతుంది? తండ్రి పేరుతో వెతికించండి, తల్లి పేరుతో వెతికించండి. పేరు తర్వాత చేర్చుకునే వీలు 14వ సెక్షనులో ఉంది, దానికి గడువు కూడా ఉంటుంది కాబట్టి అక్కడే అడిగేయండి.

నేను ఒక పని చేస్తాను, మీకు నచ్చితే చేయండి. ఒక తెల్ల కాగితం మీద తండ్రి పేరు ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ రాసుకుంటాను. వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, ఇంటి పేరు ముందు, ఇంటి పేరు లేకుండా, ఇంట్లో పిలిచే పేరు. ఆ కాగితం గుమస్తా చేతికిస్తే ఆయనకూ సులువు. కంప్యూటర్లో పట్టిక తయారుచేసేవాళ్లు ఉన్నారు, నాకు కాగితమే హాయి.

తేదీ కూడా ఒక్కటే చెప్పకండి. డిసెంబరు చివర్లో పుడితే, ఇంట్లోవాళ్లు జనవరిలో చెబితే, మరుసటి ఏడాది పుస్తకంలో ఉంటుంది. 1984కు ముందు పుట్టినవారైతే ఊరి మునసబో, పటేలో రాసిన పుస్తకం కావచ్చు. ఆ పదవులు రద్దయ్యాక పుస్తకాలు చేతులు మారాయి. పంచాయతీలో లేదంటే తహసీల్దారు కార్యాలయంలో రికార్డు గది సంగతి అడగండి.

ఇంత వెతికినా లేదు. అప్పుడు లేదనే మాటను కాగితం మీద తీసుకోండి. నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ అంటారు, పదో నంబరు ఫారం. నోటిమాటతో ఇంటికి రాకండి.

అది చేతికొచ్చాక ఆలస్య నమోదు. 13వ సెక్షను. పుట్టిన 21 రోజుల్లోపు చెప్పాలి, అది దాటి 30 రోజుల్లోపు ఆలస్య రుసుము, ఏడాదిలోపు అధికారి లిఖితపూర్వక అనుమతి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు ఉత్తర్వు. ఇది వరకు ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్లేవారు. 2023 సవరణతో, అంటే అక్టోబరు 1, 2023 నుంచి, జిల్లా మెజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటు, లేదా అధికారం ఇచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు. మన దగ్గర ఆర్డీఓ అనుకోండి. పాత వీడియోలు చూసి కోర్టుకు పరుగెత్తకండి. కాగితాలు జత చేసేటప్పుడు ఫోటో తీసి పంపకండి, ఫోనులోనే స్కాన్ చేయండి, అంచులు నీడ పడకుండా. నేనైతే కిటికీ దగ్గర పగలే చేస్తాను.

ఒక హెచ్చరిక. పాత నమోదు ఉండగా కొత్తది చేయిస్తే ఒకే మనిషికి రెండు పుట్టిన తేదీలు తయారవుతాయి. బడిలో చేర్చడానికి జూన్ తేదీ వేసేసినవాళ్లు చాలామంది ఉన్నారు, అది సరిచేసుకోవడానికి కొత్త నమోదు దారి కాదు. రిజిస్టరులోనే తప్పు పడితే 15వ సెక్షను ఉంది. పాత రాతను చెరపరు, పక్కన అంచున సవరణ రాసి సంతకం పెట్టి తేదీ వేస్తారు.

మరణ ధ్రువపత్రానికీ ఇదే దారి. నకలులో మరణ కారణం రాయరు, దాని కోసం అడిగి లాభం లేదు.

పెళ్లి. హిందూ వివాహ చట్టం కింద నమోదైతే ఆ సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోనే రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. సంవత్సరం, ఇద్దరి పేర్లు తెలిస్తే చాలావరకు దొరుకుతుంది. అసలు నమోదే చేయించని పెళ్లయితే అది నకలు వ్యవహారం కాదు, ఇప్పుడు నమోదు చేయించుకోవడమే. నమోదు లేనంత మాత్రాన ఆ పెళ్లి చెల్లకుండా పోదు, 8వ సెక్షనులోనే ఉంది. శుభలేఖ, పెళ్లి ఫోటో, వయసు రుజువులు, సాక్షులు సిద్ధం చేసుకోండి.

మీ నకలు చేతికొచ్చాక ల్యామినేషన్ చేయించకండి.