రిపోర్టులన్నీ నార్మలే, మరి పక్షవాతం ఎందుకొచ్చింది?

(రాజమహేంద్రవరం స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

వ్యాఖ్యాత: అమ్మా, ముందు మీరు చెప్పండి.

అమలాపురం మహిళ: ఆయ్. మా తమ్ముడండి, కొబ్బరి దింపు పనికి వెళ్తాడు. నలభై కూడా నిండలేదు. బీపీ లేదు, షుగర్ లేదు. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే బ్రష్ చేతిలోంచి జారిపోయింది, మూతి పక్కకి పోయింది. అన్నీ చూసి కారణం తెలియలేదన్నారండి. మళ్లీ వస్తుందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షనే.

న్యూరాలజిస్టు: రక్తనాళం పూడుకుపోయి వచ్చే పక్షవాతాల్లో దాదాపు నాలుగో వంతు ఇలాంటివేనమ్మా. దొరకలేదంటే కారణం లేదని కాదు. రక్తం గడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో తేలితేనే సరైన మందు పడేది.

వ్యాఖ్యాత: తల స్కానింగ్‌లో తెలియదా?

రేడియాలజిస్టు: సీటీలో ముందు చూసేది రక్తస్రావం ఉందా లేదా అని. ఎంఆర్‌ఐలో డిఫ్యూజన్ అనే రకం బొమ్మలు తీస్తే కొత్తగా దెబ్బతిన్న చోటు తెల్లగా మెరుస్తుంది. కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, వెనకాల ఒకటి కనబడితే నా అనుమానం గుండె మీదికి పోతుంది. గౌతమిలోనూ వసిష్ఠలోనూ ఒకేసారి ఎర్రనీళ్లొస్తే ధవళేశ్వరం ఎగువనే కదా చూస్తాం! ఒకవైపే ఉంటే మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడలోని కెరోటిడ్ ధమనిని వదలకూడదు. 50 శాతం లోపే పూడినా, ఆ కొవ్వు పొర చిట్లితే గడ్డలు పైకి పోగలవు.

కార్డియాలజిస్టు: ఛాతీ మీద చేసే ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, గుండె పైగది అయిన ఎడమ కర్ణికకు ఆనుకున్న చిన్న సంచి సరిగా కనబడదు. గడ్డలు దాక్కునేది అక్కడే. అందుకే గొంతులోంచి గొట్టం దించి టీఈఈ అనే ఎకో చేస్తాం. బబుల్ టెస్టు కూడా ఉంది. సెలైన్‌ను రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి, సన్నని బుడగలు చేసి, చేతి నరంలోకి ఎక్కిస్తాం. అవి ఊపిరితిత్తుల దగ్గరే ఆగిపోవాలి. మూడు గుండె చప్పుళ్ల లోపే గుండె ఎడమవైపు తేలాయంటే కర్ణికల మధ్య పీఎఫ్‌ఓ అనే రంధ్రం ఉందని అనుమానించాలి. గడ్డ కూడా ఆ దారినే ఎడమవైపు దాటి మెదడుకు పోగలదు.

న్యూరాలజిస్టు: ఒక్క నిమిషం. ఆ రంధ్రం నలుగురు పెద్దవాళ్లలో ఒకరికి ఉంటుంది. కనబడగానే నింద దానిమీద వేయకూడదు. వయసులో ఉండి, వేరే కారణమేదీ దొరకనివాళ్లలో కొందరికి దాన్ని మూస్తే మేలని 2017లో వచ్చిన ట్రయల్స్ చూపించాయి.

వ్యాఖ్యాత: ఇంత వెతుకులాట ఎందుకు? అందరికీ రక్తం పలచబడే మందు ఇచ్చేస్తే పోలేదా?

న్యూరాలజిస్టు: ఆ పనీ చేసి చూశారండీ. 2018లో వచ్చిన నావిగేట్ ఈసస్ ట్రయల్‌లో రక్తం పలచబరిచే రివరోక్సబాన్ ఆస్పిరిన్‌ను మించలేదు సరికదా, రక్తస్రావాలు పెరిగాయి. వెతకమనేది అందుకే. స్కానింగులతోపాటు గుండె లయ అప్పుడప్పుడు తప్పుతోందేమో ఎక్కువ రోజులు ఈసీజీ పెట్టి చూడాలి.

అమలాపురం మహిళ: మరి మావాడికి ఇప్పుడేం చేయించమంటారండి?

రేడియాలజిస్టు: ఎంఆర్‌ఐ సీడీ తీసుకురండమ్మా. కాగితం మీది రిపోర్టు చాలదు, బొమ్మలు మళ్లీ చూడాలి.

న్యూరాలజిస్టు: ఈలోగా ఇచ్చిన మాత్ర ఆపొద్దు. పసరు మందు కోసం ఊళ్లు తిప్పొద్దు.