సగ్గుచెట్లకు తిరిగిచ్చే స్తంభం

శ్రోతలకు నమస్కారం.

న్యూ గినియా దీవి పశ్చిమ సగం ఇండోనేషియాది. దాని నైరుతి తీరంలో, అరఫురా సముద్రం ఒడ్డున అస్మత్ జనం ఉంటారు. మైళ్ల కొద్దీ బురద, మడ అడవి, వంకలు తిరిగే నదులు. రాయన్నది దొరకదు. పూర్వం గొడ్డలికి రాయి కావాలంటే ఎగువ కొండవాళ్ల దగ్గర మారకం చేసి తెచ్చుకోవాల్సిందే. అందుకే వాళ్లకు సమస్తమూ చెట్టే.

మనిషి పుట్టిందీ చెట్టులోంచే అంటారు. ఫుమెరిపిట్స్ అనే ఆదిపురుషుడు ఒంటరితనం భరించలేక చెక్కబొమ్మలు చేసి ఇంటినిండా నిలబెట్టుకున్నాడట. ఆపైన డప్పు ఒకటి తొలిచి, ఉడుము తోలు కట్టి వాయించాడు. పూర్వం మన కంజీరకు కట్టిందీ ఆ తోలే. ఆ మోతకు బొమ్మలు మెల్లగా కదిలాయి, కాళ్లూ చేతులూ ఆడించాయి, మనుషులయ్యాయి. పాదాలు వేళ్లు, మొండెం మాను, చేతులు కొమ్మలు, తల పండు... అస్మత్ వాళ్లు ఒంటిని చూసేది ఇలాగే.

వాళ్ల పనితనంలో నన్ను కట్టిపడేసింది 'బిస్' అనే స్తంభం. వేళ్లు పలకల్లా విచ్చుకున్న పెద్ద చెట్టును కొట్టి, ఒక్క వేరు మాత్రం ఉంచి తక్కినవి నరికేస్తారు. మానును తలకిందులు చేస్తారు. చనిపోయినవాళ్ల బొమ్మల్ని ఒకరి మీద ఒకరు నిలబడ్డట్టు చెక్కుతారు. ఆ మిగిల్చిన వేరు పై బొమ్మ నడుము దగ్గర్నుంచి రెక్కలా ముందుకు చాచుకుని ఉంటుంది, వల అల్లినట్టు తొలిచిన నగిషీతో. తెలుపుకు కాల్చిన గవ్వల సున్నం, ఎరుపుకు ఎర్రమన్ను, నలుపుకు బొగ్గు.

ఆ బొమ్మలకు పోయినవాళ్ల పేర్లే పెడతారు. చావు దానంతటది రాదు, శత్రువు చేతో చేతబడో తెస్తుందని వాళ్ల నమ్మకం. ఒకప్పుడు ఈ స్తంభం ఎత్తడమంటే పగ తీర్చుకుంటామని చనిపోయినవాళ్లకు మాటివ్వడం. ఊళ్ల మధ్య తలలు తెగిన రోజులవి. ఆ సంగతి దాచి, అందం ఒక్కటే చెప్పడం సరికాదు.

ఈ స్తంభం ఎత్తే పండగయ్యాక ఏం చేస్తారో తెలుసా? నెలల తరబడి చెక్కిన ఆ స్తంభాన్ని సగ్గుచెట్ల తోపులో వదిలేస్తారు. అది అక్కడే పుచ్చి మట్టిలో కలవాలి. అందులోని బలం చెట్లకు చేరాలి. మన సగ్గుబియ్యం ఇప్పుడు కర్రపెండలంతో చేస్తున్నాం గానీ, ఆ పేరు ఈ చెట్టుదే. అస్మత్ వాళ్లకు రోజూ తిండి పెట్టేది దీని మానులోని పిండే.

1961లో మైఖేల్ రాక్‌ఫెల్లర్ అనే 23 ఏళ్ల అమెరికన్ యువకుడు ఇలాంటి స్తంభాలు సేకరిస్తూ తిరిగాడు. ఆ నవంబరులో అతని పడవ బోల్తా పడింది, మనిషి మళ్లీ కనిపించలేదు. ఆ స్తంభాలు ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. చూసినవాళ్లు తల పైకెత్తి నిలబడిపోతారు. నాకు మాత్రం, అందాల్సిన బలం అందని తోపు గుర్తొస్తుంది.

1960 దశకంలో ఇండోనేషియా అధికారులు ఈ పండగల్నే అడ్డుకున్నారు. అయినా చెక్కే చేతులు ఆగలేదు. 1973లో అగాట్స్ పట్నంలో అస్మత్ మ్యూజియం తెరిచారు. అక్కడి పిల్లలు తాతల చేతిపని చూడాలంటే ఇప్పుడు పడవ ఎక్కి అగాట్స్ దాకా వస్తే చాలు.

నమస్కారం.