ఆ పెద్ద కళ్ల చేప పేరేంటి?

అందరికీ నమస్కారం. అండమాన్‌లో ఇంతమంది తెలుగువాళ్లు ఒకచోట కూర్చోవడం వింతేమీ కాదు గానీ, ఒక్క చేప కోసం ఇలా కూర్చోవడం మాత్రం నాకు చాలా సంతోషంగా ఉంది. రేపు పొద్దున స్వరాజ్ ద్వీప్ దగ్గర నీళ్లలోకి దిగుతాం కదా, అందుకని ఇవాళ బ్రీమ్‌లనే చేపల గురించి మాత్రమే చెప్తాను.

బ్రీమ్ అనే పేరుతోనే తికమక మొదలవుతుంది. ఇంగ్లీషువాళ్లు తమ నదుల్లో దొరికే కార్ప్ జాతి చేపనీ బ్రీమ్ అన్నారు, సముద్రంలో దొరికే అసలు సంబంధం లేని చేపల్నీ బ్రీమ్ అన్నారు. కాబట్టి పేరు పక్కన పెట్టేయండి. పగడపు దిబ్బల దగ్గర మనకి కనిపించేవి ముఖ్యంగా రెండు కుటుంబాలవి: నెమిప్టెరిడే, లెత్రినిడే. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాల్ బోట్ల నుంచి దించే పింక్ పెర్చ్ చూసుంటారు, తోక పై కొసన పసుపు దారంలా సాగి ఉంటుంది. అది నెమిప్టెరిడే చేపే, కాకపోతే దిబ్బల దగ్గర కాకుండా బురద, ఇసుక నేలల మీద బతుకుతుంది. దాని దగ్గరి చుట్టాలే రేపు మనం చూడబోయే స్కోలాప్సిస్‌లు, అంటే మోనకుల్ బ్రీమ్‌లు.

వీటిని ఈత చూసి పట్టేయొచ్చు. ఒక్క విసురు ఈదుతుంది, టక్కున ఆగుతుంది, ఇసుకకి జానెడు పైన కదలకుండా నిలబడి కిందికి చూస్తుంది, ఏదో కదిలిందనిపిస్తే తల వంచి నోటినిండా ఇసుక తీసుకుని, తినేది ఉంచుకుని మిగతాది మొప్పల్లోంచి వదిలేస్తుంది. ఇలా ఆగి ఆగి ఈదే పెద్ద కళ్ల చేప కనిపిస్తే సగం పని అయిపోయినట్టే. మిగతా సగం ఫోటోలో: కంటి కింద ఎముక మీద వెనక్కి తిరిగిన ముల్లు ఒకటి ఉంటుంది, జూమ్ చేసి చూడండి.

ఇక ఏ జాతి అన్నది తేల్చాలంటే గీత ఎటు పోతోందో చూడాలి. నోటి దగ్గర మొదలై, కంటి కిందుగా వంపు తిరిగి వీపు రెక్క దాకా ఎక్కే తెల్లటి పట్టీ, దానికి నల్లటి అంచులు ఉంటే స్కోలాప్సిస్ బైలీనియేటా. తెల్లటి గీత వీపు రెక్క మొదలు వెంబడే పోతే సీలియేటా. కంటి వెనక, మొప్ప మూత మీద నిలువుగా తెల్ల పట్టీ ఉంటే వోస్మెరీ. రంగుని మాత్రం నమ్మకండి, నీళ్లు ముందుగా మింగేసేది ఎరుపునే, పది మీటర్ల లోతుకి వెళ్లేసరికి ఎర్రటి చేప కూడా మసక గోధుమరంగులో కనిపిస్తుంది, అదే చేప ఫ్లాష్ వేసి తీస్తే వేరే చేపలా ఉంటుంది.

నన్ను అందరికంటే ఎక్కువ తిప్పలు పెట్టినవి బైలీనియేటా పిల్లలు. పసుపు, నలుపు చారలతో వేలెడంత చేపని చూసి చాలాకాలం కోరల బ్లెన్నీ అనే వేరే చిన్న చేప అనే రాసుకున్నాను! ఆ బ్లెన్నీ కోరల్లో విషం ఉంటుంది, దాన్ని మింగబోయిన పెద్ద చేప కాటు తిని ఉమ్మేస్తుంది, అందుకే మిగతావి దాని జోలికి పోవు. మన బ్రీమ్ పిల్లకి విషం లేదు, అయినా ఆ వేషం వేసుకుని తిరుగుతుంది, పైగా ఏ చోట ఏ బ్లెన్నీ ఉంటే ఆ రంగే: ఫిజీలో బ్లెన్నీ పసుపు, అక్కడ బ్రీమ్ పిల్లా పసుపే. నాకు ఇప్పటికీ ఇది చూసినప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. తేడా పట్టాలంటే వీపు రెక్క చూడండి. బ్లెన్నీకి తల వెనక నుంచి తోక దాకా ఒకే ఎత్తులో, ఒళ్లు మాత్రం సన్నగా పొడుగ్గా ఉంటుంది.

లెత్రినిడేలో రెండు చెప్తాను. మొద్దు ముక్కు, పెద్ద కనుగుడ్లు ఉన్న మోనోటాక్సిస్ అరవై సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, పగలంతా గుంపుగా తేలుతూ ఉండి రాత్రి నత్తలు, ముళ్ల బంతుల్లాంటి సముద్రపు ఉర్చిన్‌లు నమిలి తింటుంది. వీపు మీది వెడల్పాటి నల్ల పట్టీలు చూస్తుండగానే మాయమై ఒళ్లంతా వెండిలా అయిపోతుంది, అవి రెండు చేపలు అనుకోకండి. నాథోడెంటెక్స్ అయితే సులువు: వీపు రెక్క చివర కింద పసుపు మచ్చ.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఇండోనేషియాలోని లెంబే జలసంధిలో స్కోలాప్సిస్ అఫినిస్ చేపలు, ఇసుకలో దాక్కుని చేపల్ని లాక్కుపోయే బాబిట్ పురుగు బొరియ ఎక్కడుందో కనిపెట్టగానే గుంపుగా చేరి, దానిమీదికి నోటితో నీళ్లు చిమ్ముతాయని 2016లో పరిశోధకులు ప్రచురించారు. అందుకే రేపు ఏ బ్రీమ్ అయినా తల కిందికి పెట్టి ఒకేచోట నీళ్లు చిమ్ముతుంటే, దూరంగా ఆగి ఆ ఇసుకకేసి చూడండి.

నీళ్లలో రాసుకునే పలకమీద చేప పేరు రాయకపోయినా పర్లేదు. ఎంత పొడుగుంది, ఎంత లోతులో ఉంది, ఇసుక మీదా రాయి మీదా, గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, ఇవి రాసుకుని రండి, పేరు ఒడ్డున కూర్చుని వెతుకుదాం.